గుటక

"తాగు," అన్నాడు దెశెంగ్.

లింగ్ మూతి ముడిచింది. పిల్లకింకా నిద్రమత్తు వదల్లేదు. "దాహం లేదు నాన్నా."

"దాహంతో పనేముంది? కొంచెం తాగు తల్లీ."

నీళ్ల గిన్నె రెండు చేతులా పట్టుకుని తాగింది. దెశెంగ్ కూతురి గొంతు వైపే చూస్తున్నాడు. ఒక గుటక దిగింది. ఇంకోటి దిగింది. అప్పటికి గానీ అతనికి ఊపిరి ఆడలేదు. తర్వాతే తాను ఇన్ని టీనీళ్లు తాగాడు. రోజూ అంతే. కూతురు తాగేదాకా తాను చుక్క ముట్టడు.

పొయ్యి దగ్గర జావ కలుపుతున్న అతని పెళ్లాం చ్యున్‌మెయ్ విసుక్కుంది. "లేని రోగం నువ్వే తెచ్చిపెట్టేలా ఉన్నావయ్యా. సూదులన్నీ వేయించాం కదా!"

"కీడెంచి మేలెంచమన్నారు," అన్నాడతను.

చలి మొదలైన రోజుల్లో జరిగిందది. చెరకు తోటలోంచి ఓ పసుపు కుక్క తూలుకుంటూ వచ్చింది. ఎవరిదో, ఎక్కడిదో తెలీదు. వాకిట్లో ఆడుకుంటున్న లింగ్ పిక్క పట్టుకుంది. దెశెంగ్ పార అందుకుని ఒక్క వేటుకు దాన్ని పడగొట్టాడు. పిల్లను మోటార్‌సైకిల్ మీద వేసుకుని పట్నం ఆసుపత్రికి పరుగెత్తాడు.

డాక్టరమ్మ గాయాన్ని సబ్బునీళ్లతో చాలాసేపు కడిగింది. చుట్టూ సూదులు పొడిచింది. లింగ్ ఏడుపుకి ఆసుపత్రి దద్దరిల్లిపోయింది.

"పిల్ల బతుకుతుందా అమ్మా?"

"వెంటనే తెచ్చావుగా, బతుకుతుంది. ఇలాంటివి ఇక్కడికి రోజూ వస్తూనే ఉంటాయి. వచ్చినవాళ్లెవరూ పోలేదు. రానివాళ్లే పోతారు." రాసుకుంటూ అడిగిందామె. "ఇంకెవరినైనా కరిచిందా?"

"కరవడానికి దాన్ని బతకనిస్తేగా!"

"అయితే దాన్ని ఎవరూ ముట్టుకోకుండా లోతుగా పూడ్చెయ్."

దెశెంగ్ తలూపాడు. ఊపడానికేం, ఊపాడు. చలికాలం ముంగిట అంత కండ ఉన్న కుక్కని మట్టిపాలు చేసే మగాడు ఆ కొండల్లో ఇంకా పుట్టలేదు. పైగా కన్నకూతుర్ని కరిచిన కసి. ఆ సాయంత్రం తానే తోలు ఒలిచాడు, తానే తల పగలగొట్టాడు. కత్తి రెండుసార్లు జారి బొటనవేలు తెగినా కసి మాత్రం తగ్గలేదు. అల్లం, అనాసపువ్వు, ఎండిన నారింజ తొక్కా వేసి ఉడికించి, ఇరుగుపొరుగుని పిలిచి బియ్యం సారాతో పెట్టాడు. తిన్నవాళ్లలో ఒక్కడికీ తలనొప్పైనా రాలేదు. చ్యున్‌మెయ్ మాత్రం ఆ కుండ కూడా కడగనని కూర్చుంది.

ఆ విందులోనే పక్కింటాయన నిషాలో నోరు జారాడు.

"సూదుల్లో కల్తీ ఉండదని ఏంటి నమ్మకం? మా మేనమామ ఊళ్లో చూశాను. కుక్క కరిచినా బాగానే తిరుగుతాడు మనిషి. ఓ పొద్దున నీళ్లు నోటి దగ్గర పెట్టుకోగానే గొంతు బిగుసుకుపోతుంది. ఇక అంతే. దేవుడే దిగొచ్చినా బతికించలేడు. కొత్త సంవత్సరం దాటిందా, నీ పిల్ల గట్టెక్కినట్టే."

అనుమానం పెనుభూతం. ఆ మర్నాటి నుంచే నీళ్ల గిన్నె మొదలైంది.

చెరకు కోతలొచ్చాయి. దెశెంగ్ పగలు తోటలో ఉన్నా ప్రాణం ఇంటి దగ్గరే. పిల్ల తుమ్మితే ఉలిక్కిపడేవాడు. అన్నం వద్దంటే ఒళ్లు తాకి చూసేవాడు. చెరకు ఆకులు కోసి కోసి అతని చేతులు ఏటా మండేవే. ఈసారి ఎడమ బొటనవేలు మొద్దుబారి, జిల మోచేతి దాకా పాకింది. గోక్కుంటూనే గెడలు నరికాడు. పండగ దగ్గరపడే కొద్దీ దిగులుతో నిద్ర కరువైంది. కిటికీ సందులోంచి గాలి తగిలితే ఒళ్లు జివ్వుమంటోంది. పిల్లకి చలేస్తుందని సందుల్లో గుడ్డలు కుక్కాడు.

"కళ్లు చూడు ఎలా ఎర్రబడ్డాయో," అంది చ్యున్‌మెయ్. "ఒళ్లు కూడా వెచ్చగా ఉంది. ఆ డాక్టరమ్మకి ఓసారి చూపించుకోరాదూ?"

"నాకేం రోగమే? పిల్ల దక్కితే చాలు, నా ఒళ్లు అదే కుదుటపడుతుంది."

కొత్త సంవత్సరం తెల్లవారింది. ఊరంతా టపాకాయల మోత. రాత్రంతా దెశెంగ్ రెప్ప వాల్చలేదు. లేచి దీపం వెలిగించాడు. ఎర్ర కోటు వేసుకుని గంతులేస్తున్న కూతుర్ని పట్టుకుని కూర్చోబెట్టాడు. చ్యున్‌మెయ్ కూడా గరిట వదిలి వచ్చి నిలబడింది. పైకి ఎన్ని అన్నా, ఆమె గుండె మాత్రం రాయా?

లింగ్ గిన్నె ఎత్తింది. గటగటా తాగింది. అడుగంటా తాగేసి, మూతి తుడుచుకుని, "ఇంకా కావాలి," అంది.

దెశెంగ్‌కి ఏడుపొచ్చేసింది. పిల్లను ఒళ్లోకి లాక్కుని జుట్టంతా ముద్దులు పెట్టాడు. "గట్టెక్కావు తల్లీ! నా బంగారం గట్టెక్కింది!"

"చచ్చిన కుక్కకి ఇన్నాళ్లు భయపడ్డ మగాణ్ణి నిన్నే చూశానయ్యా," అంది చ్యున్‌మెయ్, కళ్లు ఒత్తుకుంటూనే. "ఇకనైనా గొంతు తడుపుకో. రాత్రి నుంచీ ఏమీ ముట్టలేదు."

లింగ్ తొట్టి దగ్గరికి పరుగెత్తి, గిన్నె నిండా నీళ్లు ముంచుకొచ్చి, తండ్రి చేతిలో పెట్టింది. "ఇవాళ నువ్వు తాగు, నేను చూస్తా!"

దెశెంగ్ నవ్వుతూ గిన్నె నోటి దగ్గర పెట్టుకున్నాడు.

నీళ్లు పెదవికి తగిలాయో లేదో గొంతు పిడికిలిలా బిగుసుకుపోయి, చేతిలో గిన్నె ఎగిరి గోడకు కొట్టుకుంది, నాన్న తమాషా చేస్తున్నాడనుకుని లింగ్ పకపకా నవ్వింది.