వదులైన నట్టు

“నమ్మి బండి ఇస్తే గొంతు కోశావు కదా బావా!” షెడ్డులో అడుగు పెడుతూనే మెకానిక్ మీద విరుచుకుపడ్డాడు అతని చెల్లెలి భర్త. “బ్రేకు తొక్కితే కాలు నేలకు తగిలింది. ఇంకొంచెంలో గోడను గుద్దేవాణ్ణి. నీ చెల్లెలికి మొగుడు లేకుండా పోయేవాడు!”

తాడు కట్టి లాక్కొచ్చిన పాత కారు బయట ఉంది. దాని పక్కనే చెల్లెలు నిలబడింది.

మెకానిక్ ముఖం మాడిపోయింది. మొన్న బ్రేకులు బాగు చేసినప్పుడు కొత్త బ్రేక్ సిలిండర్‌కు ఆ కారు పాత పైపులు ఎక్కలేదు. ఇంకొకరి బండయితే కుదరదని పంపేసేవాడే. చెల్లెలు ఎక్కే బండి కదా అని ప్రత్యేకంగా ఇత్తడి అడాప్టర్ చేయించి పైపులు కలిపాడు. వెనక చక్రాలు ముందే పట్టేసి బండి గిర్రున తిరగకుండా, అటు వెళ్లే ఒత్తిడి తగ్గించే వాల్వ్ కూడా బిగించాడు. అంత చేస్తే ఇదా మాట?

“చూసి మాట్లాడదాం బావగారూ,” అని కారు కిందికి దూరాడు.

వాల్వ్ చుట్టూ అంతా బ్రేక్ ఆయిల్ తడి. నట్టు వేళ్లతోనే తిరిగింది. దాని అంచులు కటింగ్ ప్లయర్‌తో నలిపినట్టు చెక్కుకుపోయి ఉన్నాయి. అతనికి ఒళ్లు మండింది.

“ఇది నా పని కాదు. ఎవరో కావాలని వదులు చేశారు. బండి ఎక్కడెక్కడ ఆపారు?”

“ఇంట్లో, ఆఫీసులో. ఇంకెక్కడ ఆపుతాను? చేసిందంతా చేసి ఇంకొకళ్ల మీదికి నెడతావేం?”

“నేనే వదులు చేశాను,” అంది చెల్లెలు.

మెకానిక్ నిర్ఘాంతపోయాడు. ఇన్ని మాటలు తను పడుతుంటే, సొంత చెల్లెలు చూస్తూ ఊరుకుందా!

“మొగుణ్ణి చంపాలనుకున్నావా?”

“లేదన్నయ్యా. ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారితే చాలనుకున్నా, ఇంత వదులవుతుందని తెలీదు. మధ్యాహ్నం పూట ఎప్పుడు ఫోన్ చేసినా ఈయన ఆఫీసులో లేరంటున్నారు. దారిలో చుక్కలు, బండి ఆగినచోట మరక పడతాయి కదా, చూద్దామనుకున్నా.”

బావగారు మెల్లగా గేటు వైపు జరిగాడు.

మెకానిక్‌కు కోపం కట్టలు తెంచుకుంది. చేతిలో పానాతోనే లేచాడు. “ఎవరది? పద, ఇప్పుడే వెళ్లి నిలదీస్తా. ఎక్కడుంది ఆ మరక?”

చెల్లెలు పానా లాక్కుని పక్కన పెట్టి, అతని చేయి గట్టిగా పట్టుకుంది.

“మీ వాకిట్లో అన్నయ్యా. నేను వెళ్లేసరికి వదిన దాన్ని కడిగేస్తోంది.”