ఆర్విల్ సంతకం

“ఇది మీ సంతకం కాదు సార్,” అన్నాడు గెర్హార్ట్. పాతకాలపు బేస్‌బాల్ బంతులు సేకరించే మనిషి అతను.

అతను తెచ్చిన బంతి మీద మా ఆయన ఆర్విల్ అప్పుడే, అతని కళ్ళ ముందే సంతకం చేశాడు. ఒకప్పుడు టొలీడో జట్టుకు బంతులు విసిరిన చెయ్యే, పక్షవాతం వచ్చాక వణుకుతోంది. అక్షరాలు బంతి కుట్టు మీదికి పాకిపోయాయి.

“మరెవరిదయ్యా? మా ఆవిడదా?” అని నవ్వాడు ఆర్విల్.

నేను నవ్వలేకపోయాను.

గెర్హార్ట్ సంచిలోంచి ఇంకో బంతి తీశాడు. “ఆరేళ్ళ కిందట దీన్ని పోస్టులో పంపితే సంతకం చేసి తిప్పి పంపారు. రెంటికీ పోలికే లేదు. పక్కపక్కన పెడితే చూసినవాళ్ళు నన్ను మోసగాడంటారు.”

ఆ బంతి మీద రాసింది నేను. అప్పటికి ఆర్విల్ చెంచా కూడా పట్టుకోలేకపోయేవాడు. అభిమానులు పంపినవి ఊరికే తిప్పి పంపడానికి మనసొప్పక, ఆయనకు తెలియకుండా ఆయన పేరు నేనే రాసి పంపేదాన్ని.

ఆర్విల్ ఆ బంతిని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. “జబ్బు పడ్డాక కూడా ఇంత చక్కగా రాశానా డోరీన్? నాకు గుర్తే లేదు.”

ఆయన ముఖం అలా విప్పారి ఎన్నాళ్ళయిందో.

“మీరే చెప్పండమ్మా, ఏది ఆయనది?” అన్నాడు గెర్హార్ట్.

ఇద్దరూ నా వైపే చూస్తున్నారు.

“అదే,” అన్నాను, నేను రాసిన బంతిని చూపించి.

“అయితే రెండోది మీరే ఉంచుకోండి,” అంటూ గెర్హార్ట్ నా బంతిని మెత్తని గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆర్విల్ సంతకం బల్ల మీదే ఉండిపోయింది.