కొట్టు కట్టేసే వేళ

"మీ నాన్న భోజనానికి కొట్టు కట్టేసి వచ్చే వేళైందిరా. కింద గేటు తీసే ఉందా?" అంది పెద్దావిడ, కిటికీ తెర పక్కకి లాగుతూ.

కొడుకు చేతిలో కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. పొద్దుటినుంచీ అతను మనిషి మనిషిలా లేడు. పిలిస్తే పలకడం, లేకపోతే గోడకేసి చూస్తూ కూర్చోవడం. ఈ మాటకి మాత్రం ఉలిక్కిపడి లేచాడు.

"నాన్న ఇక్కడికెందుకు వస్తాడమ్మా? మనం ఊళ్ళు తిరుగుతున్నాం. ఇది హోటల్."

"హోటలా?" ఆవిడ చుట్టూ చూసింది. మంచం పక్కన తన కళ్ళజోడు, కుర్చీ మీద తన శాలువా, కిటికీ గట్టు మీద బోర్లించిన రెండు గ్లాసులు. "అచ్చం మనింట్లో ఉన్నట్టే ఉంటేనూ."

కొడుకు గబగబా వరండాలోకి వచ్చాడు. అక్కడ తువ్వాళ్ళు ఆరేస్తున్న భార్యతో, "సర్దేయ్. ఇవాళే హోటల్ మారిపోదాం," అన్నాడు.

"మళ్ళీనా? ఇంకా వారం ఉందామన్నారు కదండీ! పిల్ల ఇప్పుడిప్పుడే ఈత నేర్చుకుంటోంది."

"మొన్నటి హోటల్లోనూ ఇలాగే మొదలైంది. ఇల్లనుకుంటే ఎదురుచూస్తుంది. ఎదురుచూస్తే అడుగుతుంది. నాన్న పోయాడని మళ్ళీ నన్నే చెప్పమంటావా?"

భార్య తువ్వాళ్ళు తీసుకుని లోపలికొచ్చింది. పెట్టె మంచం మీదకి లాగింది.

వాచీలు బాగుచేసే మామగారు పోయి ఇంకా ఏడాది కాలేదు. పోయిన కొత్తలో అత్తగారు రోజూ సాయంత్రం వీధిగుమ్మంలో నిలబడి, ఆయన ఇంకా రాలేదేమని అడిగేది. చెబితే అప్పుడే విన్నట్టు కుప్పకూలిపోయేది. తెల్లారేసరికి మర్చిపోయేది. చెప్పే పని మాత్రం కొడుకుదే. తండ్రి పోయిన రోజున కూడా కన్ను తడవకుండా అన్నీ తనే చూసుకున్న మనిషి, ఆ కబురు మళ్ళీ మళ్ళీ తన నోటితో చెప్పలేక తిండికీ నిద్రకీ దూరమయ్యాడు. చివరికి ఉన్న సెలవులన్నీ ఒక్కసారే పెట్టేసి, ఇంటికి తాళం వేసి, అందర్నీ బయల్దేరదీశాడు. మనం ఊళ్ళో లేనంతకాలం అమ్మ లెక్కలో నాన్న ఇంటిదగ్గర క్షేమంగా ఉన్నట్టే కదా అని అతని ఆలోచన. ఏ గదీ మరీ అలవాటైపోకుండా చూసుకుంటే చాలు.

కింద మేనేజరు కంగారుపడ్డాడు. "మావల్ల ఏమైనా లోపం జరిగిందా సార్?"

"ఏం లేదండీ. చాలా బాగుంది. అదే వచ్చిన చిక్కు."

మేనేజరు బిల్లు పుస్తకం తెరిచాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటి ఫిర్యాదు ఆయన విని ఉండడు.

"బాగుందని ఎవరైనా ఖాళీ చేస్తారా?" అని తడిజుట్టుతో కారెక్కిన పిల్ల దారిపొడుగునా మూతి ముడుచుకునే ఉంది.

కొత్త హోటల్ ఊరికి అటు చివర దొరికింది. లిఫ్టు మూలుగుతూ పైకెక్కింది. గది ఇరుకు. పెద్దావిడ బాత్రూం లైటు కోసం గోడలన్నీ తడిమి, చివరికి బీరువా వెనకాల స్విచ్చు పట్టుకుంది.

"ఇదేం గదిరా బాబూ! ఇది కట్టినవాడి తెలివి తెల్లారినట్టే ఉంది."

కొడుకు గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో అనుకుంది భార్య.

"ఈత కొలను లేదు. చేపల తొట్టె ఉంది," అని పిల్ల కిందికెళ్ళి చూసొచ్చి చెప్పింది.

భోజనాల దగ్గర పెద్దావిడ అడిగింది. "మీ నాన్న ఒక్కరూ ఏం తింటున్నారో?"

"పక్కింటి పిన్ని పెడుతోందిలేమ్మా. ఈపాటికి తినేసి, కంటికి అద్దం బిగించుకుని ఎవరి వాచీనో విప్పుకుని కూర్చుంటాడు."

"ఆ బుల్లి స్క్రూలు మళ్ళీ కింద పోసుకుని ఉంటారు."

"పోసుకుని, వెతకడానికి నువ్వు లేవని విసుక్కుంటూ ఉంటాడు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముంది, వాచీ తీసుకోడానికొచ్చినవాణ్ణి కూడా నేలమీద కూర్చోబెట్టి వెతికిస్తాడు!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆవిడ అడుగుతూనే ఉంది, అతను చెబుతూనే ఉన్నాడు. మాటల్లో పడి కంచం ఖాళీ చేశాడు, మారు కూడా అడిగి వడ్డించుకున్నాడు.

తిరిగొస్తూ దారిలో ఆవిడ ఒక నీలం మఫ్లరు కొంది. "మీ నాన్నకిరా. చలికి అస్సలు ఆగలేరు."

"నాన్నకి ఈ రంగంటే పిచ్చి కదమ్మా!" అన్నాడు కొడుకు సంబరంగా.

గదికి రాగానే బూట్లు కూడా విప్పకుండా మంచం మీద వాలి, అలాగే నిద్రపోయాడు. ఇంకా పూర్తిగా చీకటి కూడా పడలేదు. పిల్ల కింద చేపల దగ్గరుంది. కోడలు బూట్లు విప్పుతోంటే, పెద్దావిడ సంచీలోంచి మఫ్లరు తీసింది. చీటీ తెంపేసి, కొడుకు తల మెల్లగా ఎత్తి మెడచుట్టూ చుట్టింది.

"అత్తయ్యా, అది మామయ్యగారికి కదా కొన్నారు?" అంది కోడలు.

"వీడికే బావుందిలే. పొద్దున కాఫీ అయినా ముట్టలేదు. ఇప్పుడు చూడు, కడుపునిండా తిని ఎంత హాయిగా పడుకున్నాడో." ఆవిడ దుప్పటి కొడుకు భుజాల దాకా లాగి, కోడలి వైపు తిరిగింది.

"నాకంతా గుర్తుందని వీడికి చెప్పకమ్మా."