నెమలి దొరగారి వరస నాట్యం

రాళ్లగుట్ట మీద పూరేళ్లుండేవి. పూరేడంటే నేల మీద గునగునా తిరిగే చిన్న పిట్ట. ఎండి బిగిసిన నేల దాని గోళ్లకు లొంగదు. అందుకే అక్కడి పిల్లలకు తరచూ పస్తే.

వారానికోసారి పక్కతోపు నెమలి దొర వచ్చి గుప్పెడు కొర్రగింజలు విదిల్చేవాడు. ముందు పిల్లలంతా వరసలో నిలబడి ఆయన్ని పొగుడుతూ పాట పాడాలి. ఆ గింజలు ఒక్కపూటకే సరి.

ఒకనాడు మబ్బు పట్టింది. "దొరా, కాసిని గింజలు దాచాం. వాన పడేలోగా మా నేల కాస్త గీరిపెట్టండి, విత్తుకుంటాం," అంది పూరేడు అవ్వ.

"నేనా? మట్టిలోనా? నా గోళ్లు ఎలా మెరుస్తున్నాయో చూడవే అవ్వా!"

"నిజమే సుమండీ! అయితే ఈ పూట తమకు ఆ చదును నేల మీద సన్మానం చేస్తాం. నాట్యం చేయండి. తమకు గుండ్రంగా తిరగడమే వచ్చుననీ, ఆ కొస నుంచి ఈ కొసకు ఆడలేరనీ కాకులు కూస్తున్నాయి."

"కాకులకేం తెలుసు!"

దొర పురి విప్పి, నేల చీరేస్తూ వరస వెంట వరస ఆడాడు. పిల్లలు "మళ్లీ! మళ్లీ!" అంటూ ఆయన వెనకాలే గింజలు జారవిడిచారు. సాయంత్రానికి వాన దంచింది.

వానలన్నాళ్లూ తన తోపులోనే ఆడుతూ ఉండిపోయిన దొర, మూడు నెలలకు వచ్చి విరగపండిన చేను చూసి తెల్లబోయాడు. "దీన్ని దున్నిందెవరే?"

"ఎవరో పుణ్యాత్ములు! కూర్చోండి దొరా, కడుపారా తినండి," అంది అవ్వ. "పాటేం పాడక్కర్లేదు."