గోడకంటిన పొడి

"తలుపు మాత్రం మూయకు కాకా!"

ఉసిరి రసాన్ని వేడిగాలితో పొడిగా మార్చే డ్రయ్యర్ ఆపి ఉంది. స్పందన అందులోకి దూరింది. ఉసిరి పొడి రంగు మారిందని సరుకు వాపసు వచ్చింది. నాణ్యత పత్రం మీద సంతకం ఆమెది. ఇరుకులో ఊపిరాడకపోయినా చాకుతో గోడ గీకింది. పెచ్చు ఊడింది. అడుగున పాత పొర లేత పసుపు, పైన కొత్తది గోధుమరంగు.

"పైపొర మాడింది కాకా. వేడి ఎంత పెడుతున్నరు?"

తలుపు దగ్గరున్న ఆపరేటర్ ఎల్లేశం గొంతు తగ్గించాడు. "రెండు వందల డిగ్రీలు."

"రిజిస్టర్ల నూట అరవై అని రాస్తున్నరు గదా!"

"వానలు పడ్డ సంది గాలిల తేమ మేడం. నూట అరవైకి పొడి ఆరది, గోడకే అంటుకుంటది. సేటు వేడి పెంచమన్నడు, రాసుడు మాత్రం పాతదే రాయమన్నడు."

"గంత వేడికి ఉసిరి సత్తువంతా పోతది."

"ముందటి మేడం గూడ గిట్లనే అన్నది. వారం వారం లోపటికి దూరి గోడ సూస్తుండె. అందుకే తీసేసిండ్రు." ఎల్లేశం లోపలికి తొంగిచూశాడు. "ఇంటర్వ్యూల మిమ్మల్ని సేటు ఏమడిగిండు?"

స్పందన చేతిలో చాకు ఆగిపోయింది.

"ఇరుకు జాగలంటే భయమా అని అడిగిండు. ఔనన్న. నవ్వి, రేపటి నుంచే రమ్మన్నడు."

బయట కారు ఆగిన చప్పుడైంది.

"సేటు వచ్చిండు, జల్ది బయటికి రాండ్రి మేడం."

ఆమె పెచ్చును సాక్ష్యంగా కవరులో వేసుకుంది. చెమట కళ్లలోకి కారుతోంది.

"తలుపు మూయి కాకా. ఇంక గీకాల్సిన గోడ చానా ఉన్నది."