ఆరో కాయితం

"అయిదే ఉన్నయి. ఆరుండాలె," అంటూ వామన్‌రావు కాయితాల కట్టను బల్ల అవతలికి తోశాడు.

అది కింద పడకుండా గట్టయ్య రెండు చేతులా పట్టుకున్నాడు. "పోయినసారి అయిదే అన్నరు గద సార్."

"పోయినసారి సంగతి పోయినసారితోనే పాయె. హద్దుల కాయితమేది? నీ తోటకు నాలుగు దిక్కుల ఎవరెవరున్నరో పట్వారీతోని రాయించుకొని రా. చెట్లు కొట్టే పర్మిటంటే ఆబిడ్స్‌ల చాయ్ తాగినట్లనుకున్నవా?"

హద్దుల కాయితం ఏ రూల్లోనూ లేదు. ఆ పూట ఆయనకు ఫైలు విప్పబుద్ధి కాలేదు, అంతే. నాంపల్లి స్టేషను దగ్గర, చెట్లు నరకడానికి పర్మిట్లిచ్చే ఆ ఆఫీసులో పదకొండేళ్ళుగా ఆయనే పెద్ద గుమాస్తా. వచ్చినవాళ్ళ ఊరూ పేరూ అడిగే అలవాటు లేదు. మనిషికి నెంబరు చాలు. గట్టయ్య నెంబరు నూట పద్నాలుగు. కాయితాలు లెక్కపెట్టేవాడే గానీ, చదివిన పాపాన పోలేదు మహానుభావుడు. చదవడం పైవాళ్ళ పని అనేవాడు. పైవాళ్ళేమో కింద చదివే పంపారు కదా అని సంతకాలు గీకేవాళ్ళు.

గట్టయ్యకున్నదల్లా తండ్రి నాటిన మూడెకరాల టేకు తోట. దానికి వేరుకుళ్ళు పట్టింది. నిక్షేపంలాంటి చెట్టు కొన నుంచి ఎండుకుంటూ వచ్చి ఒకరోజు గాలికి పడిపోతుంది. తెగులు తగిలిన చెట్లు కొట్టేసి, వేళ్ళు పెకలించి, చుట్టూ కందకం తవ్వితే మిగిలినవి బతుకుతాయి. కందకం ఖర్చూ, కొత్త మొక్కలూ సర్కారే ఇస్తుంది. కానీ సొంత భూమిలోదైనా సరే, పర్మిటు లేనిదే టేకు చెట్టుకు గొడ్డలి తగలకూడదు. తగిలితే కేసు.

"ఒక్క మాట సార్," అన్నాడు గట్టయ్య. "నాయి ఎట్లనో పోతున్నయి. తూర్పు దిక్కు పక్క తోట ఇంక మంచిగున్నది. వేరుకు వేరు తాకి గటు పాకుతది. జర జల్ది చూడుండ్రి."

"పక్కోడు నీకు చుట్టమా?"

"ఎవల్దో నాకెర్క లేదు సార్. ఎవల్దైతేంది, చెట్టే గద."

వామన్‌రావు పక్క సీటు వైపు తిరిగి నవ్వాడు. "ఇన్నరా మల్లేశ్వరరావుగారూ? ఈయనకు లోకమంత ఫికరే."

మల్లేశ్వరరావు గుంటూరు నుంచి వచ్చి ఏడేళ్ళయినా జాలి పోగొట్టుకోలేదు. "పాపం, అంత దూరం నుంచి వస్తున్నాడండీ. ఓసారి చదివి పైకి పంపేయకూడదూ?"

"ఒక్కొక్కటి చదువుకుంట కూసుంటే నౌకరీ అయినట్లే," అన్నాడు వామన్‌రావు, టిఫిన్ డబ్బా తీస్తూ. గట్టయ్య వెళ్ళిపోయాడు.

తింటూ తింటూ మల్లేశ్వరరావు అడిగాడు. "రిటైరయ్యాక ఎలాగండీ? కాచిగూడలో మీది అద్దిల్లే కదా?"

"ఫికర్ లేదు. మా ఇంటామె అహల్య పేరు మీద ఒకటి చేసిపెట్టిన. సర్కారు నౌకరు పేరు మీదుంటే నూరు సవాళ్ళు. పదేండ్లాయె, ముట్టుకోలె, చూడ గూడ పోలె. దానంతటదే పెరుగుతున్నది. నౌకరీ దిగిపోయిననాడు దానితోనే ఇల్లు లేస్తది."

"గన్‌ఫౌండ్రీ బ్యాంకులోనా?"

వామన్‌రావు నవ్వి పెరుగన్నం కలుపుకున్నాడు.

నెల తిరక్కుండా గట్టయ్య ఆరో కాయితం తెచ్చాడు. వామన్‌రావు ఆరు లెక్కపెట్టి, ఎర్రనాడా బిగించి, బీరువాలో పడేశాడు. ఆ తరువాత జీపులో పెట్రోలు లేదన్నాడు. దొరగారు టూరు పోయారన్నాడు. ఒకసారి "తెగులేనని రుజువేంది?" అన్నాడు. గట్టయ్య కుళ్ళిన వేరు తువ్వాలలో మూటగట్టి తెస్తే, ముక్కు మూసుకుని కిటికీలోంచి అవతలికి గిరాటేశాడు.

రెండు వానాకాలాలు పోయాయి. ఈసారి గట్టయ్య చేతులు కట్టుకోలేదు.

"పర్మిటు వద్దు సార్. నా కాయితాలు నాకియ్యుండ్రి."

"ఏమాయె?"

"ఒక్క చెట్టు లేదు. పక్క తోట గూడ పోయింది. మొన్నటి గాలికి ఆఖరి వరస పడ్డది."

"మరి కాయితాలెందుకు?"

"ఆ తోటవాళ్ళు ఎన్నడన్న వస్తరు. నీ తెగులే మమ్ముల ముంచిందంటరు. రెండేండ్లు తిరిగిన, కాళ్ళు మొక్కిన, మీరు ఇయ్యలేదని చూపెట్టాలె. వాళ్ళ ముంగట నా మొఖం చెల్లాలె గద."

వామన్‌రావుకు ఒళ్ళు మండింది. "మా మీదనే సాక్ష్యమా? చూపెట్టుకో పో. వాడెవడోగానీ ఒట్టి బేవకూఫ్. చెట్లు పెట్టి పత్తా లేకుండ పోయినోనికి గట్లనే కావాలె."

గట్టయ్య కాయితాల కోసం చెయ్యి చాపాడు.

వాపసిచ్చే కాయితాలు రిజిస్టర్లో ఎక్కించి వేలిముద్ర తీసుకోవాలి. మొదటి అయిదింటికీ రిజిస్టర్లో అచ్చేసిన గడులున్నాయి. చూడకుండానే టిక్కులు పెట్టేశాడు. ఆరోదానికి గడి లేదు. రూల్లో లేని కాయితానికి గడి ఎక్కడుంటుంది? అందులో ఏముందో చేత్తో రాయాల్సిందే. విసుక్కుంటూ కళ్ళద్దాలు పెట్టుకుని, పదమూడేళ్ళ పెద్దరికంలో మొదటిసారిగా ఒక కాయితం చదివాడు.

ఉత్తరాన వాగు అని రాశాడు. దక్షిణాన బండ్లబాట. పడమట గట్టయ్య తమ్ముడి చెలక. నాలుగో దిక్కు దగ్గర కలం ఆగిపోయింది.

తూర్పున హైదరాబాదు వామన్‌రావు భార్య అహల్య టేకు తోట.