వరదమ్మకు నచ్చిన గిటారు

"ఇది పైపైనే పోతాండాది బావా. లోపలికి రావటంలా," అంది వరదమ్మ, గిటారు మీటుతున్న మొగుడితో.

కొట్టు యజమాని కోదండరామయ్య శెట్టి వక్కాకు నమలడం ఆపాడు. ఆత్మకూరు బజారులో ఆయన ఇరవై ఏళ్లుగా హార్మోనియాలు, తబలాలు, భజన తాళాలు అమ్ముతున్నాడు. ఒక వాయిద్యాన్ని ఇలా ఒక్క ముక్కలో తీసి పక్కన పెట్టిన మనిషిని ఇంతవరకు చూడలేదు.

అది వెండిలా మెరిసే లోహపు గిటారు. నాలుగేళ్ల కిందట, తెల్లదొరలు పోయిన ఏడాది, మద్రాసులో ఒక హోటలు బ్యాండు మూతపడితే మూడు రెసొనేటర్ గిటార్లు వేలంలో పాడుకొచ్చాడు. మామూలు గిటారుకు పొట్ట మధ్యన ఉట్టి చిల్లు ఉంటుంది. వీటికి అక్కడ పల్చటి అల్యూమినియం గిన్నె బిగించి ఉంది. తీగ మీటితే ఆ గిన్నె అదిరి, మైకు లేకుండానే మోత రెండింతలవుతుంది. ఊరివాళ్లు వాటికి రేకు గిటార్లని పేరు పెట్టి, చూసి పోవడమే తప్ప కొన్న పాపాన పోలేదు.

ఇవాళ మొదటి బస్సుకు ఉదయగిరి నుంచి ఈ జంట దిగింది. పెళ్లయి నెల కూడా కాలేదు. మాల్యాద్రి పదేళ్లపాటు ఒక నాటకాల కంపెనీలో గిటారు వాయించి, పెళ్లి కుదరగానే కంపెనీ గిటారు కంపెనీకి అప్పజెప్పి ఊరికి వచ్చేశాడు. వరదమ్మ పుట్టినిల్లు చెక్క గరిటెలు చెక్కే ఇల్లు.

"లోపలికి రావటమంటే ఏంది అమ్మాయ్?" అని అడిగాడు కోదండరామయ్య.

ఆమె ఆయన వైపు చూడనే లేదు. మాల్యాద్రి ఆమె భుజం తట్టి, ఎదురుగా నిలబడి అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. పరాయి మగవాడితో నేరుగా మాట్లాడదు కాబోలు అనుకున్నాడు శెట్టి. జవాబు మాత్రం బజారంతా వినపడేట్టు చెప్పింది.

"చలిజొరం మాదిరి చర్మం మీదనే వణుకుతాండాది. అంతే."

శెట్టికి ముచ్చటేసింది. రెండో గిటారు తానే దించి తెచ్చాడు. చిన్న ఒళ్లు, ఎర్రటి మహాగని చెక్క.

"తేనె మాదిరి పలుకుతాది. మూడింటిలో రాణి ఇదే."

వరదమ్మ చెక్కను వాసన చూసింది. వేలి కణుపుతో తట్టింది. "మంచి చేవ ఉండాది. గరిటె చెక్కితే మనవళ్ల దాకా నిలుస్తాది," అంది. మాల్యాద్రి పకపకా నవ్వి, బల్ల మీద కూర్చుని వాయించాడు. దారిన పోయేవాళ్లు ఆగిపోయారు. వెనక ఇంట్లోంచి శెట్టి భార్య నాగేశ్వరమ్మ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

అప్పుడు వరదమ్మ మొగుడి పక్కన కూర్చుని, గిటారు భుజం మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది.

పట్టపగలు, నడిబజారులో. కోదండరామయ్య గబుక్కున అటు తిరిగి, దుమ్ము లేని హార్మోనియాన్ని దులపసాగాడు. నాగేశ్వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆమె కళ్లు తెరిచేదాకా ఆగి, "ఎట్టుండాది?" అన్నాడు మాల్యాద్రి.

"బాగుండాది. గానీ చిన్నపిల్ల మాదిరి. నా కాడికి వచ్చేసరికి అలిసిపోతాండాది."

ఇక మిగిలింది మూడోది. భోషాణమంత ఒళ్లు. పల్చటి చెక్కలు పొరలు పొరలుగా అంటించి చేసినది. గాలికి కొట్టుకోకుండా నాగేశ్వరమ్మ దాన్ని కొట్టుగది తలుపుకు అడ్డం పెట్టుకుంటోంది.

"దాని జోలికి పోబాకండి. మొద్దు గొంతు," అన్నాడు శెట్టి.

మాల్యాద్రి వినలేదు. దుమ్ము తుడిచి, తీగలు సరిచేసి, బొటనవేలితో లావు తీగ మీటాడు. గొడ్ల కొట్టంలో ఎద్దు మూలిగినట్టుంది. వరదమ్మ గడ్డం ఆనించింది. తర్వాత చెంప ఆనించింది. తర్వాత రెండు చేతులా దాన్ని వాటేసుకుంది.

ఆమె కళ్లు ఇంతింతయ్యాయి. భుజాలు కదిలాయి. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది.

"బావా, వచ్చినాది. కడుపులో కప్పపిల్లలు దూకుతాండాయి బావా."

మాల్యాద్రికీ నవ్వు తెరలు తెరలుగా వచ్చింది. నవ్వుతూనే వేగం పెంచాడు. ఆమె పాదం ఒక్క దెబ్బ కూడా తప్పకుండా నేల మీద తాళం వేసింది. వేగం తగ్గిస్తే తగ్గింది, పెంచితే పెరిగింది. నాగేశ్వరమ్మ నవ్వింది. వీధిలో నిలబడ్డవాళ్లు నవ్వారు. ఎందుకో తెలియకుండానే కోదండరామయ్య కూడా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

నవ్వు తగ్గాక ఆయనకు మనసొప్పలేదు.

"అబ్బాయ్, నా మాట విను. రేపు మీ ఊళ్లో దీన్ని విన్నోళ్లు కోదండరామయ్య కొత్తజంటను ముంచినాడంటారు. ఆ ఎర్రదే తీసుకో, దీని ధరకే ఇస్తాను."

మాల్యాద్రి ఎర్ర గిటారు వైపు చూశాడు. దాని తీగల మీద ఒకసారి వేళ్లు నిమిరి, వెనక్కి తీసుకున్నాడు.

"దాని గొంతు నాకు తెలియదా శెట్టిగారా? పదేళ్లుగా అట్టాంటిది ఒకటి దొరికితే చాలనుకున్నాను. గానీ ఈమెకు ఇదే నచ్చినాది. ఇంక మాట లేదు."

పెళ్లాం కొంగు పట్టుకు తిరిగేవాళ్లను శెట్టి చాలామందిని చూశాడు గానీ, ఇంత సంతోషంగా తిరిగేవాణ్ణి చూడలేదు. గిటారును పాత కంబళిలో చుట్టి తాడు కట్టాడు. వరదమ్మ అప్పుడే వీధిలోకి దిగి, బస్టాండు వైపు చెంగుచెంగున నడుస్తోంది.

"జాగర్తగా పోండి అమ్మాయ్," అని వెనకనుంచి కేకేశాడు. ఆమె తిరిగి చూడలేదు. ఆయనకు కోపం రాలేదు. అంతటి విద్వత్తు ఉన్నవాళ్లకు ఆపాటి దర్జా ఉంటుంది మరి.

మూట అందిస్తూ శెట్టి మాల్యాద్రి చెయ్యి పట్టుకున్నాడు.

"ఎన్నో కచేరీలు విన్నాను. నాకే అందని తేడా ఆ పిల్ల ఇట్టే పట్టేసినాది. అంత గొప్ప చెవి ఎట్టొచ్చినాదయ్యా ఆమెకు?"

మాల్యాద్రి గిటారును భుజానికెత్తుకుని, ముందు పోతున్న భార్యను చూసి నవ్వాడు.

"తొమ్మిదో ఏట జొరమొచ్చి రెండు చెవులూ పోయినాయి శెట్టిగారా."